వంటింటి కింద రేవు

పథరియా తాలాబ్ కోసం పాత రాయ్‌పూర్ విరాసత్ సమితి, అంటే ఊరి వారసత్వాన్ని కాపాడే సంఘం, కోర్టుకెక్కిన సంగతి మనకు తెలిసిందే. పడమటి గట్టు నుంచి లారీల కొద్దీ రాళ్లూ మట్టీ తెచ్చి పోస్తున్న అపార్ట్‌మెంట్ల కంపెనీ, అసలిది చెరువే కాదు, వానకు నీళ్లు నిలిచే పల్లపు నేల అని వాదించింది. మనుషులు తవ్వించిన చెరువైతే గట్టో రేవో ఏదో ఒక ఆనవాలు చూపించండని జడ్జిగారు సమితిని అడిగారు. గురువారం వాయిదా. సమితి కార్యదర్శి నవ్య, అధ్యక్షుడు గిరిధర్ మాస్టారు ఎండనకా వాననకా గట్టు చుట్టూ తిరిగినా చేతికేమీ దొరకలేదు. సోమవారం నవ్య బడిలో పాఠం చెబుతుండగా పిన్ని వరహాలమ్మ ఫోన్ చేసింది. "వొంటింట్లో నేల కుంగిపోనాదే. కిందన రాల్లు తేలినాయి. ఏటో సెక్కినట్టున్నాయి. నీ సమితికి పనికొత్తాయేమో, ఎంటనే రా" అంది. అక్కడ ఆగాం.

నవ్య స్కూటీ తెలుగు పారా అనే పేట సందులోకి మళ్లేసరికి వాన పలచబడింది. ఒకప్పుడు విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే గ్యాంగుల్లో పనికి వచ్చినవాళ్లు చెరువు ఒడ్డున ఆరిన నేల చూసుకుని గుడిసెలు వేసుకున్నారు. అవే ఇప్పుడు ఇటుక గోడల ఇళ్లయ్యాయి. కరెంటు మీటర్లు వచ్చాయి, కుళాయిలు వచ్చాయి, పట్టాలు మాత్రం రాలేదు. తల్లీ తండ్రీ ఒకరి వెనక ఒకరు పోయాక నవ్యనీ, తమ్ముడు పృథ్వీనీ చిన్నాన్న నూకరాజు తెచ్చి పెంచింది ఇక్కడే. నవ్య టీచరైంది. పృథ్వీ వకీలయ్యాడు. సమితి కేసును ఫీజు తీసుకోకుండా వాదిస్తున్నది అతనే.

వంటసామానంతా ముందుగదిలో మంచం మీదికి చేరింది. గ్యాస్ పొయ్యి, బియ్యం డబ్బా, పచ్చడి జాడీలు, వాటి మధ్య పైడితల్లమ్మ పటం. వంటింట్లో సగం నేల లేదు. నూకరాజు లుంగీ ఎగ్గట్టి మోకాలి లోతు గోతిలో నిలబడి ఉన్నాడు. చేతిలో గునపం.

"పలక కింద మట్టంతా జారిపోనాదమ్మీ. కొత్త మట్టి నింపుదావని తవ్వేను. గునపానికి టంగుమన్నాది" అన్నాడు.

నవ్య చెప్పులు విడిచి గోతిలోకి దిగింది. బురద కింద పాదానికి చల్లగా, చదునుగా తగిలింది రాయి. వంగి అరచేత్తో తుడిచింది. వరహాలమ్మ చెంబుతో నీళ్లు పోసింది. బూడిదరంగు మెట్టు బయటపడింది. దాని కింద ఇంకోటి, దాని కింద ఇంకోటి. మెట్ల అంచు పొడవునా ఒకదాని తోక పట్టుకుని ఒకటి వెళుతున్నట్టు చేపల వరస చెక్కి ఉంది. కొన్ని చేపలకు కళ్లు అరిగిపోయాయి. ఎంతమంది తడిపాదాలు ఆనితే రాతికి అంత నునుపు వచ్చిందో!

ఈ పట్టణంలో సమితివాళ్లు ఎన్ని తలుపులు తట్టారు! పూడ్చేసిన చెరువుల పేర్లు ముసలమ్మల నోటి నుంచి సేకరించి, ఆదివారాలు పిల్లల్ని వెంటేసుకుని పాత వీధులు చూపించి, విరిగిన శాసనాల మీద పోస్టర్లు పీకి కడిగి, వీళ్లకి పనేం లేదా అనిపించుకున్నారు. ఇన్నాళ్లూ వెతికింది తను అన్నం తిన్న చోటే ఉంది.

"పనికొత్తాదా?" అని వరహాలమ్మ ఆశగా అడిగింది.

"పనికిరావడమేంటి పిన్నీ! ఇది రేవు. చెరువు రేవు. ఇంక వాళ్లు నోరెత్తలేరు."

గబగబా ఫోన్‌లో ఫోటోలు తీసింది. బురద వేళ్లతోనే గిరిధర్ మాస్టారికి పంపి, 'దొరికింది సార్, మా ఇంట్లోనే' అని రాసింది. వరహాలమ్మ మురిసిపోయింది. "అయితే మనింటికి జనాలొత్తారా సూడ్డానికి? గోడకి సున్నం కొట్టించాల మరి" అంది.

నూకరాజు మాత్రం నవ్వలేదు. గునపం గోడకి ఆనించి, మెట్లు దిగుతున్న దిక్కుకేసి చూస్తున్నాడు.

అప్పుడు నవ్య కూడా అటు చూసింది.

మెట్లు ముందుగది వైపు నుంచి పెరటి వైపు దిగుతున్నాయి. పెరటి వెనక ఇంకో రెండు వరసల ఇళ్లున్నాయి. వాటి అవతలే ఇప్పటి నీళ్లు. రేవు ఇక్కడుంటే చెరువు ఇక్కడి నుంచే మొదలైనట్టు. వెనక వరసల్లో ఉన్నవాళ్లంతా చెరువు అడుగున ఉన్నట్టు. ఈ వరస రేవు మీద ఉన్నట్టు.

నవ్యకి కోర్టులో వేసిన అర్జీలో ఒక వాక్యం గుర్తొచ్చింది. 'చెరువు అసలు హద్దుల లోపల ఉన్న ఆక్రమణలన్నిటినీ తొలగించాలని ప్రార్థన.' కంపెనీ లారీలను కళ్లముందు పెట్టుకుని ఆ వాక్యం రాసింది తనే. రాసిన రోజు ఎంత గట్టిగా వచ్చిందని సంబరపడింది కూడా.

ఆమె మెట్టు మీద కూలబడింది. ఫోన్ తీసి చూసింది. మాస్టారు ఫోటోలు చూసేశారు. 'వస్తున్నా బేటీ' అని జవాబు.

"ఏటయినాదే? మొకం అలగైపోనాది?" అంది వరహాలమ్మ.

నవ్య జవాబు చెప్పేలోపే పక్కింటి ప్రేమ్ లోపలికి వచ్చాడు. ప్రేమ్ ఉర్లాలో ఉక్కు కార్ఖానాలో పని చేస్తాడు. రెండిళ్ల మధ్య ఉన్నది ఒకటే గోడ. అతని తల్లి మేరీ వంటింట్లో కూడా పొద్దుట్నుంచి గోడ బీట తీసింది. గోతిలోకి తొంగి చూసి, అతను పెద్దగా ఆశ్చర్యపోలేదు. వెంటనే నవ్య వైపు తిరిగాడు.

"అక్కా, ఫోటో తీశావా?"

"తీశాను."

"డిలీట్ కొట్టు."

"ప్రేమ్..."

"డిలీట్ కొట్టక్కా. నాకు అన్నీ తెలుసు. తిల్దా దగ్గర మా మేనత్తవాళ్ల బస్తీ ఇలాగే పోయింది. నాలా మీద కట్టారన్నారు. ముందు నోటీసు, తర్వాత ఎర్ర రంగుతో గోడ మీద గుర్తు, తర్వాత జేసీబీ. కంపెనీ వాళ్లకి వకీళ్లుంటారు, స్టే తెచ్చుకుంటారు. మనకెవరున్నారు? సాయంత్రానికి నేను సిమెంటు మాల్ కలిపి తెస్తాను. ఈ గొయ్యి కప్పేద్దాం. రాయి చూడలేదు, ఏమీ చూడలేదు."

"మాస్టారికి పంపేశాను" అంది నవ్య.

ప్రేమ్ తల పట్టుకున్నాడు. వరహాలమ్మ ఒకసారి అతన్నీ, ఒకసారి నవ్యనీ చూసింది. "నాకరదమవడం లేదు. మన రాల్లు మనం సూపిత్తే మనల్ని ఎల్లగొట్టడమేటి?" అంది.

గిరిధర్ మాస్టారు ఆటో దిగేసరికి మళ్లీ వాన మొదలైంది. డెబ్బై దాటిన మనిషి. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. ఈ ఊరివాడే. చిన్నప్పుడు ఈత నేర్చుకున్నది ఈ చెరువులోనే. ఆయన మాట్లాడే హిందీ పారాలో అందరికీ అర్థమవుతుంది. గడప దగ్గరే బూట్లు విప్పి, గొడుగు వదిలేసి, ఎవర్నీ పలకరించకుండా తిన్నగా వంటింట్లోకి నడిచాడు. నూకరాజు చెయ్యి అందిస్తే పట్టుకుని గోతిలోకి దిగాడు. మెట్టు మీద కూర్చుని చేపల వరస మీద వేళ్లు ఆనించాడు.

"మా నానమ్మ చెప్పేది, మఛరియా ఘాట్ అని. చేపల రేవు. పెళ్లికూతుళ్లు ఇక్కడ నీళ్లు ముంచుకునేవాళ్లట. నేను కథ అనుకున్నాను" అన్నాడు. కళ్లు తుడుచుకోలేదు.

వరహాలమ్మ మేరీ ఇంట్లో టీ పెట్టించి తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు అందుకున్నాక నూకరాజు ఆయన ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. రైలు పట్టాల మీద జీవితం గడిపిన మనిషి, మాట తక్కువ. హిందీలో నెమ్మదిగా అడిగాడు.

"ఇది కోర్టులో చూపిస్తే నా ఇల్లుంటుందా సార్?"

మాస్టారు టీ తాగబోయి ఆగాడు. "పట్టా ఉందా?"

"లేదు."

"ఇన్నేళ్లుగా ఉంటున్నారు. కోర్టు అది కూడా చూస్తుంది. మనం అడుగుదాం, గట్టిగా అడుగుదాం..."

"ఉంటుందా సార్?"

"నాకు తెలీదు నూకరాజు భాయ్" అన్నాడు మాస్టారు. ఆ మాట అనడానికి ఆయనకి కష్టమైంది. అయినా అబద్ధం చెప్పలేదు.

నవ్య ఇంక ఆగలేకపోయింది. "నేను చెప్తాను చిన్నాన్నా. అర్జీలో అన్ని ఆక్రమణలూ తీసెయ్యమని ఉంది. అన్నీ. ఈ రేవు చూపిస్తే మన మూడు వరసలూ అందులోకి వస్తాయి."

"ఆ మాట రాసిందెవులు?"

"నేనే."

నూకరాజు తల పక్కకి తిప్పుకున్నాడు. కోపం వచ్చినప్పుడు అరిచే మనిషి కాదు. లేచి, మూలనున్న గునపం తీసి, కడగాల్సిన తొందర లేకపోయినా కుళాయి కింద పెట్టి కడగడం మొదలుపెట్టాడు. అతను అరిచి ఉంటే నవ్యకి బాగుండేది.

అరిచింది వరహాలమ్మ.

"నాను పిలిసేను కదే! నాకు నానే పిలిసేను! నా పిల్ల సమితిలో పెద్ద మనిసయ్యింది, ఈ రాయి సూసి సంబరపడతాదని పిలిసేను!" తర్వాత మాస్టారి వైపు తిరిగింది. భాష మారలేదు. ఆయనకి అర్థమవుతుందో లేదో చూసుకునే స్థితిలో లేదు. "ఏటండీ మాస్టారూ? తాతలనాటి రాయి, దాన్ని కాపాడాల అంటన్నారు. ఆ రాయి మీద నాను ముప్పై ఏల్లు వొండేను. ఈ పిల్లలిద్దరికీ ఇక్కడే అన్నం పెట్టేను. నా పొయ్యి మీ ఇరాసత్ కాదా? మనుసులు కాపరమున్న సోటు మీకు లెక్కలోకి రాదా?"

మాస్టారు నవ్య వైపు చూశాడు. ఆమె ఆ మాటల్ని హిందీలోకి మార్చి చెప్పింది. ఒక్కటీ మినహాయించలేదు. పిన్ని గొంతులోని వణుకు మాత్రం తన గొంతులోకి తేలేకపోయింది.

ఆయన టీ గ్లాసు మెట్టు మీద పెట్టాడు. "అవునమ్మా. మేం రాళ్లు లెక్కపెట్టాం, మనుషుల్ని లెక్కపెట్టలేదు. అది మా తప్పే. కానీ ఒక్క మాట వినండి. ఈ నేల ఇవాళే ఎందుకు కుంగింది? ఇన్ని వానాకాలాలు చూసిన నేల. పడమట వాళ్లు పూడ్చిన కొద్దీ నీళ్లు ఎక్కడికి పోతాయి? ఇటే వస్తాయి, మీ ఇళ్ల కిందికి. ఈ మెట్ల సందుల్లోంచి మట్టిని లాక్కుపోతున్నది ఆ నీళ్లే. ప్రేమ్ దీన్ని కప్పేస్తే రాళ్లు కనబడవు. నీళ్లు ఆగవు. చెరువు మొత్తం పూడిస్తే వచ్చే వానకి మీ మూడు వరసలూ ఉంటాయో లేదో ఆలోచించండి."

వంటింట్లో అందరూ కింది మెట్టు వైపు చూశారు. నవ్య ఇందాక బురద తుడిచిన చోట అప్పుడే సన్నటి నీటి చెమ్మ ఊరుతోంది. ప్రేమ్ కూడా చూశాడు. అతని ముఖంలో మొదటిసారి భయం కనిపించింది.

"అంటే చూపిస్తే జేసీబీ, దాస్తే నీళ్లు" అన్నాడు.

"చూపిస్తే పోరాడే దారి ఒకటుంటుంది" అన్నాడు మాస్టారు. "అర్జీ మారుద్దాం. నివాసం ఉన్నవాళ్లకి పట్టా, లేకపోతే దగ్గర్లోనే ఇల్లు, అది ఇచ్చాకే ఏ పనైనా అని రాద్దాం. పృథ్వీకి ఫోటోలు పంపాను, వచ్చే దారిలోనే. వకీలు కదా, ఏం చెయ్యాలో అతనే చెప్తాడు."

తమ్ముడి పేరు వినగానే నవ్యకి ప్రాణం కుదుటపడింది. పృథ్వీ ఈ ఇంటి పిల్లాడు. చెరువునీ ఇంటినీ రెంటినీ ఎలా పట్టుకోవాలో వాడికి తోచకపోదు. ఆమె నూకరాజు దగ్గరికి వెళ్లింది. "చిన్నాన్నా, పృథ్వీ వచ్చేదాకా ఆగు. మీ అందరికీ చెప్పకుండా నేను ఒక్క కాగితం కూడా కోర్టులో ఇవ్వను. మూడు వరసలవాళ్లనీ కూచోబెట్టి మాట్లాడదాం. వాళ్లు వద్దంటే వద్దు."

నూకరాజు కుళాయి కట్టేశాడు. "నువ్వు అడగాల్సింది ముందమ్మీ" అన్నాడు. కాసేపాగి, "సరే. రేపు పొద్దున్న అందర్నీ పిలుత్తాను. అందాకా ప్రేమూ, మాల్ కలపొద్దు" అన్నాడు.

ప్రేమ్ ఇష్టం లేకుండానే తలాడించాడు. వరహాలమ్మ చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని గడపలో కూర్చుంది. నవ్య పక్కన కూర్చోబోతే జరగలేదు, చోటివ్వలేదు.

సందు మొగలో కారు హారన్ వినిపించింది. తెలుగు పారాలోకి కార్లు రావు. వచ్చినా తిరగడానికి చోటుండదు. పిల్లలు కేకలు పెట్టుకుంటూ పరిగెత్తారు. తెల్లటి పెద్ద కారు మురికినీళ్లు చిమ్ముకుంటూ వచ్చి నూకరాజు ఇంటి ముందు ఆగింది. తెల్లచొక్కా మనిషి దిగాడు. నవ్య అతన్ని వెంటనే గుర్తుపట్టింది. కోర్టులో ప్రతి వాయిదాకీ కంపెనీ తరఫున మొదటి వరసలో కూర్చునే మనిషి.

అతను రెండు చేతులూ జోడించాడు. "నూకరాజుగారు మీరే కదా? ఇల్లు దెబ్బతిందని విని చూడ్డానికొచ్చాం" అన్నాడు హిందీలో, ఎంతో మర్యాదగా.

"ఎవరు చెప్పారు మీకు?" అంది నవ్య. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. ఫోటోలు తను పంపింది మాస్టారికి. మాస్టారు పంపింది...

కారు అవతలి తలుపు తెరుచుకుంది. పృథ్వీ దిగాడు. నల్లకోటు చేతిమీద వేసుకున్నాడు. అక్క కళ్లలోకి చూడకుండా ముందు పిన్ని దగ్గరికి వెళ్లి వంగి కాళ్లకి దణ్ణం పెట్టాడు.

"భయపడకు పిన్నీ. నేనున్నాను. నీ ఇల్లెక్కడికీ పోదు."

"పృథ్వీ, ఏంటిది?" అంది నవ్య.

అతను లేచి నిలబడ్డాడు. "కోర్టు ఏదో ఒక రోజు హద్దు అడుగుతుందని నాకు ముందే తెలుసక్కా. హద్దు తేలితే మనిల్లు ఎక్కడుంటుందో కూడా తెలుసు. నీకు చెప్తే వినవు. నీకు చెరువు తప్ప ఏదీ కనబడలేదు. అందుకే వీళ్లతో మాట్లాడి ఉంచాను. మూడు వరసలకీ ఇంటికో ఫ్లాటు. రిజిస్ట్రేషన్‌తో సహా. రాసి ఇస్తారు."

"దేనికి బదులు?"

"కేసు వెనక్కి తీసుకోవాలి. ఆ గొయ్యి రేపటికల్లా కప్పెయ్యాలి."

ప్రేమ్ అడుగు ముందుకేశాడు. వీధిలో అప్పటికే జనం చేరారు. ఫ్లాటు అన్న మాట నోటినుంచి నోటికి వెనక వరసల దాకా పాకిపోయింది. ఎవరో ఆడమనిషి ఏడ్చేసింది, సంతోషంతోనే.

గిరిధర్ మాస్టారు గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. పాదాలకి ఇంకా బురద ఉంది. పృథ్వీని తిట్టలేదు. "ఫ్లాట్లు ఎక్కడ కడతారు బేటా?" అని మాత్రం అడిగాడు.

తెల్లచొక్కా మనిషి జవాబిచ్చాడు. "ఎక్కడికో పంపం సార్. ఇక్కడే, ఎదురుగానే. పడమటి వైపు."

"పూడ్చిన చెరువు మీద" అన్నాడు మాస్టారు.

ఆ మాట ఎవరి చెవినా పడలేదు. పడినా ఆ క్షణంలో ఎవరూ వినదలుచుకోలేదు. నవ్య ఒక్కతే విన్నది. కారు పక్కన నిలబడ్డ తమ్ముడి ముఖం చూసింది. లంచం తిన్నవాడి ముఖం కాదది. పరీక్ష ఫీజు కట్టడానికి పిన్ని గాజులు అమ్మిన రోజు ఇలాగే నిలబడ్డాడు, పెదవి బిగించి. వాడిని అసహ్యించుకోగలిగితే ఎంత తేలికగా ఉండేది!

పృథ్వీ కోటు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "సమితి తరఫున కేసు వేసింది కార్యదర్శి. కాబట్టి వెనక్కి తీసుకోవాల్సింది కూడా నువ్వే. మాస్టారి సంతకంతో పనిలేదు. నీదొక్కటి చాలు."

"నేను పెట్టను."

"అక్కా, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు."

నవ్య తిరిగి చూసింది. తను పెరిగిన పారా అంతా సందులో నిలబడి ఉంది. మేరీ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. వెనక వరసవాళ్లు ముందుకు తోసుకొస్తున్నారు. చిన్నాన్న గుమ్మంలో నిలబడి ఆకాశంకేసి చూస్తున్నాడు. అతని ముఖంలో అవునూ లేదు, కాదూ లేదు.

గడపలోంచి వరహాలమ్మ లేచింది. మెల్లగా నడిచి వచ్చింది. పృథ్వీ చొక్కా జేబులోంచి పెన్ను లాగి మూత విప్పింది. మధ్యాహ్నం నుంచి మొదటిసారి నవ్యని ముట్టుకుంది. ఆమె కుడిచెయ్యి పట్టుకుని, పిడికిలి విప్పి, పెన్ను అందులో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటీ తనే మూసింది.

"ఆ అర్జీ రాసిన సేత్తోనే కొట్టీ అమ్మీ" అంది.